వరహాలత్త ఆపించిన పాట

మొన్న సాయంత్రం మా వీధిలోంచి పెళ్లి ఊరేగింపు వెళ్లింది. ముందు డీజే బండి. అది ఇంకా సందు మొదట్లో ఉండగానే వంటింట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగడం మొదలుపెట్టాయి. ఆ దెబ్బ చెవికన్నా ముందు ఛాతీకి తగులుతుంది. కోస్తున్న బెండకాయలు వదిలేసి గోడకు ఆనుకుని నిలబడిపోయాను. బండి మలుపు తిరిగాక చూసుకుంటే రెండు చేతులూ గుండెల మీద అడ్డం పెట్టుకుని ఉన్నాను. అలాంటప్పుడల్లా నాకు వరహాలత్త గుర్తుకొస్తుంది.

ఆమె మాకు చుట్టం కాదు. అనకాపల్లి గవరపాలెంలో మా ఎదురింటి పోర్షన్‌లో ఉండేది. బస్సు కండక్టరు. డిగ్రీ అయ్యాక నేను మునగపాకలో ఒక ప్రైవేటు బళ్లో టీచరుగా చేరాను. నాకు చిన్నప్పటి నుంచీ జనమంటే భయం. కిక్కిరిసిన బస్సు వస్తే ఎక్కలేక వదిలేసేదాన్ని, రోజూ బడికి ఆలస్యమయ్యేది. ఒకరోజు ఆమె బస్సు మెట్టు మీద నిలబడి నన్ను చూసి, "నానున్నాను గదే అమ్మీ, ఎక్కు" అంది. నన్ను తన సీటు పక్కన ఇరికించి, అడ్డం వచ్చినవాళ్లందరినీ వెనక్కి సర్దుకోమని ఒక్క అరుపు అరిచింది. ఆ గొంతుకు బస్సంతా జరిగింది. ఈవిడకు భయమనేది తెలియదని ఆ రోజే తీర్మానించుకున్నాను. చాలాకాలం అలాగే అనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో బస్సు ఖాళీ అయ్యేది. అప్పుడామె టిక్కెట్ల మిషను ఒళ్లో పెట్టుకుని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునేది. భక్తి పాటలేమో అనుకున్నాను. ఒకసారి ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టింది. డ్రమ్ములు, గిటారు, గొంతు చించుకుంటున్న మనిషి. ఈ గోలేమిటని అడిగితే, "ఇను. మన మాటల్లోనే అరుత్తన్నారు" అంది. నిజమే. 'ఇసుకమేట' అని విశాఖపట్నం కుర్రాళ్ల రాక్ బ్యాండ్ అది. నలుగురు. డ్రమ్ములు వాయించేవాడిది మునగపాకే. పిల్లలు ఏ మాటలు మాట్లాడితే నేను బళ్లో సరిదిద్దేదాన్నో ఆ మాటలతోనే వాళ్లు పాడుతున్నారు. మా ఇళ్ల గురించి, చెరకు తోటల గురించి, ఊరు వదల్లేని కోపం గురించి. నాలుగు రోజులు ఆ పాటలు నన్ను వదల్లేదు. ఆ తరవాత నాలుగేళ్లు నేనే వాటిని వదల్లేదు. కొత్త పాట వస్తే ముందు విన్నది ఎవరో తేల్చుకోడానికి ఇద్దరం పొద్దున్నే వీధిలో వాదులాడుకునేవాళ్లం. యాభై దాటిన కండక్టరూ, బడి పంతులమ్మా. మా అమ్మ మమ్మల్ని చూసి ఒకరోజు నవ్వేది, ఒకరోజు తిట్టేది.

ఉన్నట్టుండి బ్యాండ్ విడిపోతోందని తెలిసింది. ఆఖరి ప్రోగ్రాం డ్రమ్మరు ఊరికి దగ్గరని అనకాపల్లిలోనే పెట్టారు. నేను రానన్నాను. అంత జనం మధ్య నిలబడడం నా వల్ల కాదన్నాను. వరహాలత్త బతిమాలలేదు. రెండు టిక్కెట్లు తెచ్చి, మళ్లీ పాడరట, ఇంట్లో కూర్చుని ఏడుస్తావో అక్కడికొచ్చి ఏడుస్తావో నీ ఇష్టమంది.

వెళ్లాను. బైపాస్ పక్కన పెద్ద మైదానం. పొద్దు వాలుతోంది. మేం స్టేజికి దగ్గరలోనే నిలబడ్డాం. మొదటి గంట ఏ భయమూ లేదు. ఇయర్‌ఫోన్‌లో సగం సగం పంచుకున్న పాటలు ఒంటి నిండా మోగుతుంటే కళ్లనీళ్లు అవే కారాయి. వరహాలత్త చేతులు పైకెత్తి ఊగిపోయింది.

ఆఖరి పాట మొదలుపెట్టారు. దానికోసమే బయట ఆగినవాళ్లు కాబోలు, తడికలు తోసుకుని ఒక్కసారి లోపలికి వచ్చారు. వెనక నుంచి తోపు మొదలైంది. ముందు ఇనుప బారికేడ్లు, పోవడానికి చోటు లేదు. నా చెప్పు ఒకటి ఊడిపోయింది, వంగే వీలు లేదు. ఎవరిదో మోచెయ్యి పక్కటెముకల్లో దిగింది. గాలి పీలిస్తే సగమే లోపలికి వచ్చింది. కాసేపటికి నా కాళ్లు నేల మీద ఉన్నాయో లేదో కూడా తెలియలేదు. పైన ఆ గొంతు పాడుతూనే ఉంది. నేను ప్రాణం పెట్టుకున్న పాట అది. అదే పాట వింటూ చచ్చిపోతానని అనిపించింది.

వరహాలత్త వెనక్కి సర్దుకోమని బస్సులో అరిచినట్టే అరిచింది. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అరిచింది. ఆమె ముఖం చూశాను. పెదవులు తెల్లబడిపోయాయి. అప్పుడామె అరవడం మానేసి, మెడ తిప్పి, తన వీపు మీద పడుతున్న భారీ మనిషితో మామూలుగా మాట్లాడినట్టు చెప్పింది.

"బాబూ, నాకు బయమేత్తంది. ఊపిరాడతం నేదు. నీకెలాగున్నాది?"

అతను ఆమెను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. "నాకూ బయంగానే ఉందండీ" అన్నాడు. వెంటనే తిరిగి తన వెనకవాడికి అదే చెప్పాడు. వాడు ఇంకొకడికి. ఆ మాట ఎంతదూరం పోయిందో నాకు తెలియదు. ఒత్తిడి మాత్రం కాస్త సడలింది. నా పాదం నేలకు ఆనింది. ఎవరో సెల్‌ఫోన్ల లైట్లు పైకెత్తి స్టేజి వైపు అడ్డంగా ఊపారు. డ్రమ్మరు చూసి వాయించడం ఆపేశాడు. పాట చరణం మధ్యలో తెగిపోయింది. పాడేవాడు అందరినీ వెనక్కి జరగమని మైకులో బతిమాలాడు. కొందరు ఈలలు వేసి తిట్టారు. నిర్వాహకులు ప్రోగ్రాం అక్కడితో అయిపోయిందన్నారు. దెబ్బలు తగిలాయి కానీ ఎవరి ప్రాణమూ పోలేదు.

మైదానం అంచున గడ్డిలో కూలబడ్డాం. వరహాలత్త నీళ్ల సీసా మూత తిప్పబోయి, తియ్యలేక నా చేతికిచ్చింది. "పాట ఆపించీసేనే అమ్మీ. ఆల్లు మరింక పాడరు గదా" అని ఏడ్చింది. ఆమె భయపడుతుందని నాకెప్పుడూ తెలియదన్నాను.

"రోజూ బయమే. బ్రేకేత్తే ఎవులు పడిపోతారో అని. అందుకే గదా అలాగ అరుత్తాను" అంది.

మూడేళ్ల తరవాత ఆమెకు గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆసుపత్రిలో మంచం చుట్టూ ఉన్నవాళ్లందరూ ఏం కాదనీ ధైర్యంగా ఉండమనీ చెబుతున్నారు. ఆమె తలూపుతోంది కానీ కళ్లు కిటికీ వైపే ఉన్నాయి. నా వంతు వచ్చింది. ధైర్యం చెబుదామనే వెళ్లాను. నోట్లోంచి మాత్రం నాకు చాలా భయంగా ఉందత్తా అన్న మాట వచ్చింది. ఆమె తల తిప్పి నన్ను చూసింది. ఆసుపత్రిలో చేరాక మొదటిసారి గట్టిగా ఏడ్చింది. "కూకో. ఆల్లు నన్ను తీసికెళ్లేదాకా కూకో" అంది. కూర్చున్నాను. ఆపరేషన్ బాగానే జరిగింది. మరో రెండేళ్లు బతికి ఒక మధ్యాహ్నం నిద్రలో పోయింది.

ఆమె నాకు ధైర్యం నేర్పిందని చెప్పలేను. రద్దీ చూస్తే ఇప్పటికీ నా ఒళ్లు చల్లబడుతుంది. ఆ ఆఖరి పాట ఫోన్లో వస్తే ఇప్పటికీ సగంలోనే ఆపేస్తాను. భయాన్ని దాచుకోవడం మాత్రం మానేశాను. పోయిన నెల మా అమ్మాయి మెడ మీద చిన్న గడ్డ కనపడితే స్కానింగుకి తీసుకెళ్లాను. కంగారు పడాల్సిందేమీ లేదని తరవాత చెప్పారు కానీ ఆ పూట మాకు అది తెలియదు. గది బయట బల్ల మీద కూర్చుని ఉండగా మా అమ్మాయి నా ముఖంలోకి చూసి, భయమేస్తోందా అమ్మా అని అడిగింది. అవునన్నాను. అది లేచి, నా చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.