సాక్షి రాయి

మెట్ల మీద ఊతకర్ర చప్పుడు ముందు వినిపించింది. టక్. కాసేపు ఆగి మళ్లీ టక్. కింద ఏముందో కనుక్కున్నాక గాని దిగనంటున్నట్టు. ఆ తర్వాతే మనిషి కనిపించింది. నీటి శాఖలో ఇరవై ఏడేళ్లుగా నది మట్టం చూసి రాసే ఉద్యోగం. ఆఫీసులో అందరికీ ఆమె మీటరమ్మ.

తెల్లారితే ప్రయాణం. వంటింటి బల్ల పక్కన కూర్చుని బూట్లకు నూనె రాస్తోంది. మూల కుట్టుమిషను దగ్గర కూతురు, వాళ్లమ్మ కథ రాసుకోవడానికి వచ్చిన నాతో తలెత్తకుండానే అంది.

"రాసుకోండి. మా అమ్మకి నది పుట్టిల్లు. పిలవకపోయినా వెళ్తుంది, తరిమేసినా వెళ్తుంది."

ఏటా వానలు వెనకబట్టి ఆకులు రాలే రోజుల్లో, కొండల మధ్య ఉన్న కొలబద్ద దగ్గరికి ఒకసారి నడిచి వెళ్లాలి. ఇద్దరు వెళ్లాలని నియమం. మూడేళ్ల కిందట తోడు రావలసిన డ్రైవరు మోకాలు వాచిందన్నాడు. ఒక్క పగటి పనే కదా అని ఒక్కతే బయల్దేరింది.

వంతెన దగ్గర బస్సు దిగింది. అక్కడి నుంచి దారి లేదు, నది ఉంది. రాళ్ల సందులన్నీ ఆకులు కప్పేశాయి. కాలు పెట్టే చోట నేల ఉందో గొయ్యి ఉందో తెలియదు. కర్రతో తట్టి తట్టి నడిచింది. లోయ అడుక్కి ఎండ దిగలేదు. నీళ్ల హోరులో తన దగ్గు తనకే వినిపించలేదు.

మోకాటి లోతులో నది దాటి, అవతలి ఒడ్డున నీటి అంచుకి ఒక తెల్ల రాయి పెట్టింది. ఈ పనివాళ్ల అలవాటు అది. సాక్షి రాయి అంటారు. తిరిగొచ్చేసరికి రాయి తడిస్తే నీళ్లు పెరిగినట్టు, దాటకూడదు. పొడిగా ఉంటే దాటొచ్చు.

ఇంకాస్త ఎగువకు నడిచి, బద్దకు పట్టిన పాచి గీకి, అంకె రాసుకుని గంటన్నరకి తిరిగొచ్చింది. రాయి పొడిగా ఉంది. నీళ్లు దానికి రెండు బారల దూరం జరిగిపోయాయి. పెందలాడే ఇల్లు చేరతానని సంబరపడి ఒక కాలు నీళ్లలో పెట్టింది కూడా.

దగ్గొచ్చింది. ఆ దగ్గు తనకు వినిపించింది.

వానలు ఆగిన నది రోజుకు వేలెడు తగ్గుతుంది. ఇంత తగ్గదు. పైన ఎక్కడో చరియ విరిగి నీళ్లు ఆగాయి. ఆగినవి ఒక్కసారిగా వస్తాయి. ఎప్పుడన్నదే తెలియదు. పరుగెడితే అవతలి ఒడ్డు ఒక్క నిమిషం. కాలు వెనక్కి తీసుకుని, చెట్ల వేళ్లు పట్టుకుని పైనున్న రాతి అరుగు మీదికి పాకింది.

గంట గడిచింది. ఏమీ రాలేదు. కింద బురదలో చేపలు కొట్టుకుంటున్నాయి. పొద్దు వాలుతోంది. ఉత్త పిరికితనమేమో, ఇక్కడే చలికి కొయ్యబారిపోతానేమో అనుకుని రెండుసార్లు సగం దాకా దిగింది. రెండుసార్లూ మళ్లీ ఎక్కింది. మూడోసారి లేవబోతుంటే, గాలి లేకుండానే పాదాల దగ్గర ఎండుటాకులు వణికాయి.

వచ్చినవి నీళ్లలా లేవట. కొండకు కాళ్లొచ్చి నడిచినట్టుందట. రాయి పెట్టిన ఒడ్డే మాయమైంది. ఆమె కొండ మీదుగా చుట్టు తిరిగి, సగం దూరం పాకుతూనే, మసకచీకట్లో రోడ్డెక్కింది.

కథ ముగించి నాకోసం మంచినీళ్లు పట్టబోయింది. కుళాయి ధార ఉన్నట్టుండి సన్నబడింది. ఆమె గ్లాసుతో సహా రెండడుగులు వెనక్కి వేసింది. కూతురు చటుక్కున లేచి వచ్చి కుళాయి కట్టేసింది. ఈసారి కూడా తోడెవరూ లేరని, రాత్రుళ్లు తనకు కంటిమీద కునుకు లేదని నాకే చెప్పింది, తల్లికి కాదు.

నేను వస్తానన్నాను. మీటరమ్మ నా చెప్పుల వంక చాలాసేపు చూసింది.

"బూట్లు తెచ్చుకోండి. అక్కడ ఆగమంటే ఎందుకని అడక్కుండా ఆగాలి. చెప్పేంత టైముండదు."