గవదలకు వేసిన గొలుసు

శ్రావణమాసం రెండో శుక్రవారం, పొద్దున పదకొండున్నర. తెలంగాణ వచ్చిన మూడో ఏడు. నల్లగొండలో ఒక దవాఖాన. డాక్టరమ్మ నా కొడుకు పరీక్ష కాగితాలు తిరగేస్తోంది. కిటికీ పరదా ఊగినప్పుడల్లా వెలుగు మా ఒళ్ళోకి వచ్చి పోతోంది. ఇప్పుడు తలచుకుంటే అదంతా నీళ్ళ అడుగున జరిగినట్టుంటుంది.

కొడుకు పెళ్ళయి ఆరేళ్ళు, పిల్లలు లేరు. లోపం కోడలిదే అన్నాను. నాట్ల కాడ అన్నాను, చుట్టాల ముందు అన్నాను. అంటూనే సాయంత్రం పలక పట్టుకుని ఆమె ముందు కూర్చునేదాన్ని. ఈ వయసులో నాకు అక్షరాలు దిద్దించింది ఆమే.

డాక్టరమ్మ వీర్యకణాలు బాగా తక్కువున్నాయని చెప్పింది. పెద్దయ్యాక గవదలు వచ్చాయా, అప్పుడు కింద కూడా వాచిందా అని అడిగింది. రాలేదన్నాడు కొడుకు. కోడలి చెయ్యి మెడలో గొలుసు మీదికి పోయింది.

ఆ గొలుసు చూస్తూ చూస్తూ నేను హాలియా దగ్గర మా ఇంట్లోకి పోయాను. పెళ్ళయిన మూడో నెల. కొడుకు చెంపలు బూరెల్లా ఉబ్బాయి. బంగారం వేస్తే గవదలు దిగుతాయని మా నమ్మకం. కొత్త కోడలు తన గొలుసు తీసి అతని మెడలో వేసింది. జ్వరంతో అతను ఊపిరి తీస్తుంటే అది ఎండలో కాలువ నీళ్ళలా కదిలింది. చెంపలు దిగాయి. ఆ తర్వాత వారం రోజులు కాళ్ళు ఎడంగా పెట్టి నడిచాడు. బండి మీద నుంచి పడ్డానన్నాడు. నమ్మాను.

"అబద్ధమెందుకు బిడ్డా. వచ్చినయి గదా," అన్నాను.

కొడుకు తల వంచాడు. కోడలు మెల్లగా అంది: "కింది వాపు సంగతి ఎవ్వరికీ చెప్పొద్దని గీ గొలుసు మీదనే ఒట్టేయించుకున్నడు అత్తమ్మా."

ఆరేళ్ళు నేనన్న మాటలన్నీ ఆ ఒట్టు కింద మోసింది.

గవదల వైరస్ పెద్ద మగవాళ్ళలో కొందరికి వృషణాల్లోకి దిగుతుందట. దిగినా చాలామందికి పిల్లలు పుడతారు, కొందరికి మాత్రం కణాలు తగ్గుతాయట. ఇతనికి అదే కారణం కావచ్చనీ, మగతనానికి దీనితో లంకె లేదనీ, చేయగలిగిన వైద్యం ఉందనీ డాక్టరమ్మ చెప్పింది. మరి బంగారమో అన్నాను. వాపు దానంతటదే దిగుతుందమ్మా అంది.

"తప్పు నాది బిడ్డా," అన్నాను కోడలితో. "ఊళ్ళె గూడ చెప్త."

"నువ్వెందుకమ్మా," అన్నాడు కొడుకు. "నేనే చెప్త."

ఆ రోజు ఆ గదిలో ఉన్నది నలుగురం: డాక్టరమ్మ, నా కొడుకు, నేను, ఏ లోపమూ లేని నా కోడలు.