ఇంకో ముక్క డాక్టరు

ఆ డాక్టరుగారికి ఉన్నది ఒకటే జబ్బు. ఏ స్లైడు ముందు పెట్టినా, మైక్రోస్కోపులోంచి కళ్ళు తీయకుండానే, "ఇంకో ముక్క కొయ్యమ్మా!" అని కేక వేస్తారు. క్యాన్సరైనా అదే కేక, ఒట్టి పులిపిరైనా అదే కేక. చివరికి ఆస్పత్రిలో అందరూ ఆయన అసలు పేరు మరిచిపోయి ఇంకో ముక్క డాక్టరు అనడం మొదలుపెట్టారు. ఆ పేరు విని ఆయన నొచ్చుకున్నారేమోనని ఎవరో కదిపి చూస్తే, "ఏదీ, ఇంకోసారి అను" అన్నారట.

ఈ జబ్బుకి నేరుగా బలైంది ల్యాబులో టెక్నీషియన్. ఆ ల్యాబు ఆస్పత్రి అడుగు అంతస్తులో, ఎండ మొహం ఎరగని గదిలో ఉండేది. గోడలకి చెమ్మ, గాలిలో ఫార్మలిన్ ఘాటు. జనం ఒంట్లోంచి తీసిన చిన్న చిన్న ముక్కలు సీసాల్లో అక్కడికి దిగుతాయి. ప్రతి సీసా వెనకా పైన వరండాలో ఒక కుటుంబం తిండి సహించక కూర్చుని ఉంటుంది. ల్యాబులో ఇంకొకరు ఆ ముక్క మీద మైనం పోసి దిమ్మగా చేసిస్తే, టెక్నీషియన్ ఆ దిమ్మని మిషను మీద ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, పొరని గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో తేలనిచ్చి, గాజు స్లైడు మీదికి ఎత్తి, రంగు వేసి ఆయన ముందు పెట్టేది. అమ్మయ్య అనుకునేలోగా కేక వినబడేది.

"సార్, అది పులిపిరి సార్! కళ్ళు మూసుకుని చెప్పొచ్చు" అని ఒకసారి మొత్తుకుంది.

"నేను కళ్ళు తెరుచుకుని చెబుదామనుకుంటున్నాను. కొయ్యి."

ఇంకో పిచ్చి కూడా ఉండేది. రోజూ పొద్దున్నే అందరికన్నా ముందొచ్చి, నీళ్ళ తొట్టి పక్కన మెత్తకాగితాల డబ్బా నిండుగా ఉందో లేదో చూసేవారు. అంత పెద్ద డాక్టరుకి ఇదేం పనని ల్యాబంతా చాటుగా నవ్వుకునేది. అందరికన్నా గట్టిగా నవ్వేది టెక్నీషియనే.

ఇంటా బయటా అదే వరస. పళ్ళ దుకాణంలో పుచ్చకాయకి గాటు పెట్టి ఎర్రటి ముక్క చూపిస్తే, "ఆ పక్కన కూడా ఒకటి తియ్యి" అనేవారు. నాలుగు పక్కలా చిల్లులు పడ్డ కాయని ఇంకెవరు కొంటారని దుకాణదారు ఏడుపు మొహం పెడితే, పాపం ఆయనే మోసుకుపోయేవారు. ఓసారి ఆయన భార్య ల్యాబుకి వచ్చి, "అన్నీ ఇన్నిసార్లు చూసే మనిషి, నన్ను మాత్రం ఒక్కసారి చూసి ఎలా ఒప్పుకున్నారో!" అంది.

"ఒక్కసారని ఎవరన్నారు? అంతకుముందు బస్టాపులో రెండుసార్లు చూశాను. నీకు తెలీదు" అన్నారాయన, మైక్రోస్కోపులోంచి కళ్ళు తీయకుండా.

ఇలా నవ్వుకుంటూ ఉండగా, విడవకుండా వాన పడుతున్న ఒక ఉదయం, టెక్నీషియన్ చేతికి వచ్చిన దిమ్మ మీద చీటీలో ఆమె వదిన పేరుంది.

తల్లి పోయాక ఆమెకి జడ వేసి బడికి పంపింది ఆ వదినే. కొన్నాళ్ళుగా వేళ కాని వేళ నెత్తురు కనబడుతోందని స్త్రీల వార్డులో చూపించుకుంటే, గర్భాశయ ముఖద్వారం నుంచి ముక్క తీశారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అయినా ఆ పేరుని టెక్నీషియన్ ఒకటికి రెండుసార్లు చదువుకుంది. అంతకుముందే ఎవరిదో పేగులో గడ్డ కోసి పక్కన పెట్టింది. వెంటనే వదిన దిమ్మ ఎక్కించి, కోసి, రంగు వేసి తీసుకెళ్ళింది. డాక్టరుగారి మైక్రోస్కోపుకి ఎదురుగా కూర్చునేవాళ్ళ కోసం ఇంకో జత గొట్టాలు ఉండేవి. ఆమె కూడా అందులో చూసింది.

ఏళ్ళ తరబడి స్లైడ్లు చూసిన కళ్ళు ఆమెవి. మధ్యలో పొలుసు కణాలు గుంపులు కట్టి ఉన్నాయి. క్యాన్సరే. ఓ మూల చిన్న ముక్కలో గ్రంథులు, అవీ క్యాన్సరే. పొలుసు కణాల రకం ఒకటి, గ్రంథుల రకం ఒకటి, రెండూ కలిసి పుట్టే మొండి రకం ఇంకొకటి అని ఆయనే చెప్పేవారు. "క్యాన్సర్ అని మాత్రం రాసి పంపితే, కవరు మీద 'మనిషి' అని రాసి పోస్టులో వేసినట్టు. ఏ మనిషి? ఏ వీధి?" అనేవారు.

అంతలో సర్జనమ్మ వచ్చింది. ఆవిడకి తుఫాను అని పేరు. "రెండూ ఉన్నాయా? అయితే ఆ మొండి రకమేగా. రాసిచ్చెయ్యండి, దాన్ని బట్టి నేను వైద్యం మొదలుపెడతాను."

"ఇంకో ముక్క కొయ్యమ్మా" అన్నారు డాక్టరుగారు.

"మీకెప్పుడూ ముక్కల గోలే! అక్కడ నాకు మనిషుంది!" అని తుఫాను తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయింది. ఆ క్షణంలో టెక్నీషియన్‌కి కూడా ఆయన మీద ఒళ్ళు మండింది. ఎన్నిసార్లు కోస్తే మాత్రం ఉన్నది లేకుండా పోతుందా?

సాయంత్రం వదిన వంటింట్లో గిన్నెలు తోముతూ, "మీ డాక్టరు ఏమన్నాడే?" అని అడిగింది.

"ఇంకో ముక్క అన్నారు."

"నన్ను కూడా పుచ్చకాయ అనుకున్నాడా ఏం?" అని వదిన నవ్వింది. తర్వాత తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ ఉండిపోయింది. "ఏదో ఒకటి చెప్పెయ్యమనవే. ఏమీ తెలీకపోతే రాత్రిళ్ళు అన్ని జబ్బులూ నాకే వచ్చినట్టుంటోంది" అంది. టెక్నీషియన్ ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని కడిగింది.

మర్నాడు ఆమె అదే దిమ్మని ఇంకా లోపలికి కోసింది. పొలుసు కణాలే ఉన్నాయి. ఇంకా లోతుకి పోయింది. గ్రంథుల జాడ లేదు. ముఖద్వారం క్యాన్సర్ చాలావరకు ఒక వైరస్ వల్లే వస్తుంది, అలాంటిదైతే పి16 అనే పరీక్షలో కణాలు గోధుమరంగు పట్టుకుంటాయి. ఆ పరీక్షలోనూ వదిన కణాలన్నీ నిండుగా గోధుమరంగుకి తిరిగాయి. మరి ఆ గ్రంథులు ఎక్కడివి?

ఉన్నట్టుండి ఆమెకి ఒక అనుమానం తట్టింది. ముందు రోజు కోసిన పేగు గడ్డ స్లైడు తీసి పక్కన పెట్టి చూసింది. అవే గ్రంథులు, అచ్చుగుద్దినట్టు. ఒక దిమ్మకీ ఇంకో దిమ్మకీ మధ్య తొట్టిలో నీళ్ళ మీద మెత్తకాగితం పరిచి తీయాలి. లేకపోతే ముందు దిమ్మ తాలూకు తునక నీళ్ళలో తేలుతూ ఉండిపోయి, తర్వాతి స్లైడు మీదికి ఎక్కుతుంది. రోజూ కళ్ళు మూసుకుని చేసే పని. నిన్న మాత్రం, చీటీ మీద వదిన పేరు చూసి మరిచిపోయింది.

పరుగున వెళ్ళి ఆయన బల్ల ముందు నిలబడింది. "సార్, ఆ మూల ముక్క వదినది కాదు. పేగుది. నేను నీళ్ళు తుడవలేదు సార్."

"ఊఁ. నాకూ పేగులాగే అనిపించింది" అన్నారాయన తాపీగా.

"ఎప్పుడు?"

"నిన్ననే."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"తుఫాను పక్కనే ఉందిగా. ఆవిడ వెళ్ళాక కూడా, ఇంకో ముక్క చూడకుండా నీకు ఉత్త ఆశ పెట్టడం ఇష్టంలేకపోయింది. ఇందాక నువ్విచ్చిన కొత్త స్లైడ్లు చూశాక ఫోన్ చేసి చెప్పాను, స్లైడు మీద బయటి ముక్క పడింది, నా ల్యాబులో జరిగింది కాబట్టి నన్ను తిట్టమని. తిట్టింది కూడా."

టెక్నీషియన్‌కి అప్పుడు కాగితాల డబ్బా గుర్తొచ్చింది. "ఇంతకుముందు కూడా ఇలా జరిగిందా సార్?"

"ఒకటీ అరా. ఎవరి చేతిలోనైనా జరుగుతుంది. అనుమానం వచ్చిన రోజున మాత్రమే ఇంకో ముక్క అడిగాననుకో, అడిగిన ప్రతిసారీ అందరూ నీ మొహం చూస్తారు. రోజూ అడిగితే నన్ను చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీ, నాదేం పోయింది?"

ఆమెకి ఏడుపొచ్చింది. ఆయన కంగారుపడి కుర్చీ చూపించారు. "జబ్బు లేదని చెప్పలేనమ్మా, ఉంది. కానీ ఆ మొండిది కాదు. చిన్నగా ఉందని, ఇంకా ఎక్కడికీ పాకలేదని తుఫాను స్కాను చూసి చెప్పింది. మీ వదినకి ఆ మాటే చెప్పు, ఉన్నది ఉన్నట్టు."

వదినకి ఆపరేషన్ అయింది. ఆ రోజులు ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెల్లవారలేదు. తీసిన గర్భాశయం అంచుల్లో జబ్బు మిగిలిందో లేదో తేలాల్సింది మళ్ళీ ఆ అడుగు అంతస్తులోనే. టెక్నీషియన్ ఈసారి నీళ్ళు తుడిచి, మళ్ళీ తుడిచి, కోసిన స్లైడ్లు తెచ్చి పెట్టి తన మిషను దగ్గరికి వచ్చి నిలబడింది. లోపల్నుంచి చప్పుడు లేదు. ఎంతసేపటికీ కేక రాలేదు.

తలుపు సందులోంచి తొంగి చూసి, "సార్... ఇంకో ముక్క?" అంది.

"అక్కర్లేదమ్మా. అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయి."

గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన ఆమె వంక చూసి, బయటి నడవా వైపు చెవి పెట్టి, అక్కడ ల్యాబు జనం ఉన్నారని రూఢి చేసుకుని, గొంతు సవరించుకున్నారు.

"ఇంకో ముక్క కొయ్యమ్మా!"

నడవాలో అందరూ గొల్లున నవ్వారు. "అలాగే సార్!" అని అంతకన్నా గట్టిగా అరిచి, టెక్నీషియన్ మిషను వైపు కన్నెత్తైనా చూడకుండా, కుర్చీలో కూర్చుని వదినకి ఫోన్ కలిపింది.