లక్ష్మణమ్మ కాల్చని బొమ్మ

మా వదిన లక్ష్మణమ్మది పుట్టుకతో వచ్చిన మొండితనం. కుమ్మరింట్లో ఆడది సారె తిప్పకూడదన్నారు. సరే, తిప్పలేదు. మట్టిని తాళ్లలా పేని, చుట్టమీద చుట్ట పేర్చి, మనిషెత్తు ఎద్దుల్నీ గుర్రాల్నీ లేపింది. "సారె ముట్నేదు కదా, ఇంకేటి మీకు?" అని మా అన్న గంగరాజు నోరు మూయించింది. విశాఖపట్నంలో మట్టిశిల్పుల శిబిరానికి జపాను నుంచి వచ్చిన పెద్దాయన ఆవిడ ఎద్దును వేలితో తట్టి, చెవి ఆనించి విని, నడుం వంచి దండం పెట్టాడట. ఆ తరవాత పార్కులకీ కాలేజీలకీ వదిన బొమ్మలు వెళ్లాయి. అన్నీ ఎండావానల్లో బయట నిలబడేవే. అందుకని అన్న ఆవంలో పిడకలు రెట్టింపు పేర్చి కాల్చేవాడు.

మొగుడు పోయి పుట్టింటికి చేరినదాన్ని, ఇదంతా కళ్లారా చూశాను.

ఊరికెల్లా మంచి బంకమట్టి మా పొలం మూల ఉండేది. వదిన అక్కడ ఒక్క తట్ట కూడా తియ్యలేదు. ఆవిడ ఒక్కగానొక్క కూతురు జ్వరంతో పోతే అక్కడే పూడ్చాం. అప్పటికి దానికి ఎనిమిది నెలలు. పసిబిడ్డల్ని మేం కాల్చం.

భోగాపురం విమానాశ్రయానికి మా భూములు ఇచ్చేసి, కొత్త కాలనీకి వెళ్లాల్సిన ఏడాది, వదిన ఆ మూలకు తట్ట పట్టుకుని నడిచింది. 

ఆ మట్టితో ఒక అమ్మాయిని నిలబెట్టింది. ఎత్తు నా భుజం దాకా. ముక్కు అచ్చం మా అన్నది.

"ఎవరే వదినా ఇది?"

"మన పిల్లే. ఈపాటికి ఇంత అయ్యుంటాది."

ఇక ఆ ఇంట్లో బతుకు చూడాలి! మసక చీకటిపడితే వసారాలో ఎవరో నిలబడ్డట్టే ఉండేది. ఒకనాడు నీళ్ల బిందెతో వస్తూ "తప్పుకోవే, తడిసిపోతావు" అనేశాను. అన్నాక బిందె అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తాను.

బొమ్మ ఆరింది. అన్న ఆవం పేర్చి దాన్ని ఎత్తబోతే వదిన అడ్డం నిలబడింది.

"పసిబిడ్డని కాలుస్తారేటి?"

"కాల్సకపోతే వానకి కరిగిపోతాది లక్ష్మణా!"

"కరగనీ. నిప్పుల్లో మాత్రం ఎయ్యనివ్వను."

"పిచ్చి ముదిరిందే నీకు!" అని నేనూ అరిచాను. అన్న మాత్రం పేర్చిన పిడకలన్నీ ఒక్కొక్కటే తీసేశాడు.

సామాను లారీకెక్కించే రోజు వచ్చింది. పచ్చి బొమ్మ లారీలో బతకదు. పొలానికి కంచె వేసేస్తున్నారు. "దాని సోటికే తీసికెల్లి దింపేద్దాం, వాన తీసుకుపోతాది," అంది వదిన. ముగ్గురం మోసుకెళ్లి ఆ మూలే నిలబెట్టాం. మబ్బు కమ్ముకొచ్చింది.

తొలి చినుకు పడగానే, అంత గట్టిగా మాట్లాడిన మనిషి ఒక్క ఉరుకున వెళ్లి పైటకొంగు బొమ్మ తలమీద కప్పేసింది.

"తడుస్తాదే పిల్ల! తడుస్తాదే!"

తల కాపాడింది గానీ, కింద పారే నీళ్లని ఏం చేస్తుంది? పాదాలు పోయాయి, మోకాళ్లు పోయాయి. పిల్ల పొట్టిదవుతూ వచ్చింది. కొంగు తియ్యకుండానే వదిన వంగింది, మోకాళ్లమీదికి దిగింది, చివరికి బురదలో చతికిలబడింది. వాన వెలిసేసరికి ఆవిడ ఒళ్లో ఎనిమిది నెలల పిల్లంత మట్టి మిగిలింది. అన్న చేతులతోనే గుంట తీశాడు. నేను ఏడుస్తూ మట్టి కప్పాను.

కాలనీలో మా ఇల్లు బాగానే ఉంది. వదిన మళ్లీ గుర్రాలు చేస్తోంది, అన్న కాలుస్తున్నాడు. వాన పడితే మాత్రం వీధి తలుపు వెయ్యనివ్వదు. జల్లు కొట్టి ఇల్లంతా తడుస్తుంది. నేను తిడుతూనే తలుపు తెరిచి ఉంచుతాను.