చెవిలో గాలి

మొన్న చెవి పరీక్షకు వెళ్తే, అక్కడి అమ్మాయి నా చెవులకు ఏవో తగిలించి, చెవిలో గాలి హోరులాంటిది వినిపిస్తోందా అమ్మా అని అడిగింది. లేదమ్మా అన్నాను గానీ, ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. ఈ చిన్న ప్రశ్న అడగక మేము ఒక మనిషికి చేసిన నిర్వాకం గుర్తొచ్చింది. మన ఈడు వాళ్లతో తప్ప ఇంకెవరితో చెప్పుకోను?

నా మొదటి నర్సు ఉద్యోగం బస్తర్ కొండల్లో, ఇనుప గనుల దగ్గరి టౌన్‌షిప్‌లో. తెల్లబట్టలు ఆరేస్తే ఎర్రబట్టలు తీసుకునే ఊరది. మనసు బాగాలేని వాళ్ల కోసం ఎవరో ధర్మాత్ములు అక్కడ రెండు గదుల క్లినిక్ పెట్టారు. పొద్దున తొమ్మిదికి వచ్చి, మాత్రలు మింగి, కాగితం కవర్లు అంటించి, సాయంత్రం నాలుగుకి ఇళ్లకు పోవాలి. ఆంధ్ర నుంచి వెళ్లినవాళ్లం దాన్ని పగలు ఆస్పత్రి అంటే, హిందీ వాళ్లకు అది పాగల్ ఆస్పత్రి అని, అంటే పిచ్చాస్పత్రి అని వినపడేది. చివరికి బస్సు కండక్టరు కూడా మా స్టాపు రాగానే ఆ పేరే కేకేసేవాడు, నేను తలవంచుకుని దిగేదాన్ని.

నేను చేరేసరికే అక్కడ తెలుగు సరిహద్దున ఉన్న బాసగూడ వైపు కూలీ ఒకతను, మన భాషే మాట్లాడేవాడు, ఉండేవాడు. నన్ను అక్కా అనేవాడు కాబట్టి నాకు తమ్ముడే అనుకోండి. గనిలో రాయి పేల్చే చోట కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు. వచ్చిన మొదటిరోజు డాక్టరు గారు ఏమైందని అడిగితే, చెవులు చూపించి, "చెవుల గాలి వస్తాంది సార్, ఆగుతలేదు" అన్నాడట. డాక్టరు గారు ఉత్తరాది ఆయన, చీమకైనా అపకారం చెయ్యని మనిషి, కానీ తెలుగు ముక్క రాదు. హిందీలో గాలీ అంటే తిట్టు. ఎవరూ లేకుండానే చెవిలో తిట్లు వినపడుతున్నాయంటే ఇంక అనుమానమేముంది, ఫైలు తెరిచి పెద్ద జబ్బు పేరు రాసి మాత్రలు మొదలుపెట్టారు. వారం వారం దగ్గరికి వంగి ఎంతో ఆప్యాయంగా "గాలీ ఆతీ హై?" అని అడిగేవారు, వస్తాంది సార్ అని తలూపి ఇతను నిజమే చెప్పేవాడు, మాత్ర ఇంకో అర పెరిగేది.

మా పేషెంట్లలో రిటైరైన టైంకీపరు తాతగారు ఒకరుండేవారు. రోజూ లేని రిజిస్టరు తెరిచి అందరి హాజరూ పిలిచేవారు. డాక్టరు గారితో సహా అందరం హాజర్ అనాల్సిందే, లేకపోతే ఆయన మాత్ర మింగరు. తమ్ముడు ఎదురుగా కూర్చునే పలికేవాడు కాదు. "గైర్ హాజర్!" అని తాతగారు ఉరిమితే మేమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లం. వినపడక పలకడం లేదేమోనని మాలో ఒక్కరికీ తట్టలేదు, మాత్రల మత్తు అనుకున్నాం. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఒకరోజు తమ్ముడు చెవికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, గాలి ఎక్కువగా ఉంది, కిటికీ మూయమని నన్నడిగాడు. కిటికీ మూసే ఉంది. అప్పుడు వెలిగింది నాకు. పరుగున వెళ్లి, వీళ్ల గాలి అంటే హవా సార్ అని చెప్పేసరికి డాక్టరు గారి మొహం పాలిపోయింది. చాలాసేపు కళ్లజోడు తుడుచుకుని, ఇన్నాళ్ల మాత్రలు దేనికిచ్చావని పైవాళ్లు అడిగితే ఏం చెప్పను బేటీ, ఈసారి లేదనిపించు, నయమైందని రాసి పంపేస్తాను అన్నారు. తమ్ముణ్ణి మళ్లీ పనిలో పెట్టుకోవడానికి కాంట్రాక్టరు అడిగింది ఆ ఒక్క కాగితమే, అదీ నెలాఖరులోపు. ఇంట్లో పెళ్లాం, చంటిపిల్ల. చెవుల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు పని నిలబడాలి అనుకున్నాను.

రెండు రోజులు కూర్చోబెట్టి, చెవి దగ్గర గట్టిగా పాఠం చెప్పాను. డాక్టరు గారు గాలీ అనగానే తల అడ్డంగా ఊపాలి, అంతే. "ఉన్నదాన్ని లేదని ఎట్ల జెప్పాలె అక్కా?" అంటే కసిరాను. ఆ శుక్రవారం తల ఊపాడు, డాక్టరు గారు సంతకం పెట్టారు, అందరం చప్పట్లు కొట్టాం. అతను మా చేతుల వైపు చూసి, చప్పట్లు కొడుతున్నామని తెలుసుకుని నవ్వాడు.

పనిలో చేరిన మూడో వారంలో, గనిలో వెనక్కి వస్తున్న డంపరు లారీ కింద పడి చనిపోయాడు. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడని చూసినవాళ్లంతా చెప్పారు.

అతని భార్య చంటిపిల్లను చంకనేసుకుని, మేమిచ్చిన కాగితం పట్టుకుని క్లినిక్కుకు వచ్చింది. తిట్టిపోయడానికి వచ్చిందనుకున్నాను, తిట్టినా బాగుండేది. "గాలి పోయిందని మీరే రాసిచ్చిండ్రు గదక్కా, మరి హారన్ ఎందుకు ఇనబడలే?" అంది. నిజంగా తెలియకే అడిగింది. ఏమంటోంది అని డాక్టరు గారు నావైపు చూశారు. ఆ గదిలో రెండు భాషలూ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఏడుస్తోంది సార్ అన్నాను.

ఇప్పుడు అలాంటి పనుల్లో పెట్టుకునే ముందే చెవులు పరీక్ష చేస్తారని, మాట తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెడతారని విన్నాను. మంచిదే, సంతోషించాల్సిందే. ఆవిడ ప్రశ్నను మాత్రం ఇన్నేళ్లలో ఎన్నోసార్లు మనసులో హిందీలోకి మార్చి చెప్పుకున్నాను, తప్పు లేకుండా వస్తుంది. వినాల్సిన డాక్టరు గారు పోయి చాలా కాలమైంది.