ఊడవని ముందుగది

పాతపోస్టాఫీసు వెనక సందులో ఉండే గఫూర్‌కి ఉద్యోగం చివరి రోజు దగ్గరపడుతున్నకొద్దీ కాళ్ళు నేల మీద నిలవలేదు. ముప్పై రెండేళ్ళు ఓడల్లో కలాసీగా తిరిగినవాడు. ఏ రేవులో ఆగినా అతని పని ఒకటే, డెక్కు కడగడం. ఇక చాలు. 1984 మార్చిలో రేకుపెట్టె భుజాన వేసుకొచ్చి గుమ్మంలో దింపి, "జైతూన్, ఈ పెట్టి ఇంక లేవదు!" అని పెట్టిన కేకకి ఎదురింటి మేక ఉలిక్కిపడి లేచి నిలబడింది.

ఇంతకీ ఆయనగారి సంబరం ఏమిటంటారా? ఇంట్లో ఉండడం. నవ్వకండి. సొంతింట్లో రంజాన్ నెల మొత్తం గడిపి పదకొండేళ్ళయిన మనిషి అతను. పొద్దున్నే కొళాయి నీళ్ళు పట్టాలి, చేపల బజారులో వంజరం బేరమాడాలి, గుమ్మంలో కూర్చుని, యారాడ కొండ పక్కనుంచి ఓడలు పోతుంటే "పోండ్రా బాబూ, నాను రాను" అనాలి. ఇల్లు ఊడవడం మాత్రం భార్య చేతికి ఇచ్చేవాడే కాదు. పరాయివాళ్ళ డెక్కు అన్నేళ్ళు తుడిచాక సొంత గచ్చు తుడుచుకోవడంలో ఉన్న సుఖం మనకేం తెలుస్తుంది!

అయితే ఒక చిక్కు వచ్చిపడింది. రిటైరయ్యాక నాగూరు దర్గాకి తీసుకెళ్తానని ఓడెక్కే ప్రతిసారీ జైతూన్ బీకి మాట ఇచ్చేవాడు. మొగుడు సముద్రం మీంచి క్షేమంగా వచ్చేస్తే అక్కడికి వస్తానని ఆవిడ మొక్కు. తగరపువలస అవతల లోకం ఎలా ఉంటుందో ఎరగని మనిషి. చెల్లెలు మహబూబున్నీసా పిల్లాపాపలతో నాగూరు బయల్దేరుతోందని తెలియగానే ఆవిడ ఆ రేకుపెట్టె అటక మీంచి దింపి దులపడం మొదలెట్టింది. గఫూర్ గుండెల్లో రాయి పడింది.

రెండు రోజులు అన్నం సహించలేదు. వెళ్తే ఇంత కాలం కలలుగన్న ఇల్లు వదలాలి, వెళ్ళనంటే ఇచ్చిన మాట పోతుంది. పక్కింటి తవిటయ్య పోర్టులో పని చేసి రిటైరైనవాడు, ఊరుకుంటాడా? గోడ మీంచి అందుకున్నాడు.

"ఏటి బావా, లోకమంతా తిరిగీసినోడివి, పెళ్ళాంతో రైలెక్కడానికి ఏడుపు మొకం ఎట్టినావ్?"

"నాను కదల్లేను బావా. ఆ పెట్టి సూత్తే సాలు, ఓడ కూత ఇనిపిత్తంది."

"అయితే ఆ ముక్క ఆవిడతో సెప్పు. నాతో సెప్తే ఏటి లాభం?"

ఆ సాయంత్రం నసుగుతూ చెప్పేశాడు. జైతూన్ బీ చీర మడత పెడుతూ అంతా విని, ఫక్కున నవ్వింది. మొగుడి పేరు నోట పలకదు గనక కూతురి పేరు చేర్చి అబ్బా, అంటే నాన్న, అని పిలవడం ఆవిడకి అలవాటు.

"మిమ్మల్ని రమ్మని ఎవరన్నారు, షహజాది అబ్బా? మొక్కు నాది, ఎల్లేది నాను. మీరొత్తే టేసను టేసనుకీ 'ఇలాటివి సింగపూర్లో శానా సూసినాను' అంటారు. నన్ను నా కళ్ళతో సూడనీండి."

గఫూర్‌కి గంతెయ్యాలనిపించింది గానీ యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు ఒప్పుకోలేదు.

స్టేషన్లో జైతూన్ బీ కిటికీ పక్క సీటు కోసం చెల్లెలితో పోట్లాడి మరీ గెలిచింది. మొహం వెలిగిపోతోంది. మద్రాసు మెయిలు కూత వెయ్యగానే కొంగు ముడి విప్పి, ఇంటి తాళంచెవి అతని చేతిలో పెట్టింది. సొంతింటి తాళంచెవి గఫూర్ పట్టుకోవడం అదే మొదలు.

"ఎల్లగానే సీపురు తియ్యకండి. మనిషి ఊరెల్లినప్పుడు ఎంటనే ఇల్లు ఊడవకూడదు."

"తెల్సులే. బండి గోపాలపట్నం దాటీదాకా ఆగుతాను. సాలా?"

"మీ ఓడ కొండ దాటీదాకా ఆగి ఊరుకున్నానా నాను? ముందుగదిలోంచే కదా మీరు గడప దాటీవోరు. మీ ఉత్తరం వచ్చీదాకా ఆ గది ఊడిసీదాన్ని కాదు."

బండి కదిలింది. గఫూర్ కదల్లేదు. పన్నెండేళ్ళ కిందట ఓడ ఇంజను పాడై మద్రాసులో ఆగిపోతే, బయల్దేరిన పదకొండో రోజునే, ఉత్తరం ముక్కైనా రాయకుండా ఇంటికొచ్చాడు. ముందుగది నిండా రేవులో ఇనప ఖనిజం గుట్టల మీంచి ఎగిరొచ్చిన ఎర్రదుమ్ము. "ఇది ఇల్లేనా? మా డెక్కు ఇలాగుంటే సారంగు తన్నీసీవోడు" అని సందంతా వినేలా అరిచాడు. సారంగంటే కలాసీల మీద పెద్ద. మనిషి వచ్చేశాడు కదా, ఆవిడ నవ్వుతూ చీపురు అందుకుంది. ఆ నవ్వు చూసి ఇంకా ఒళ్ళు మండింది అతనికి, మూర్ఖుడికి.

ఉన్నట్టుండి ప్లాట్‌ఫారం మీద పరుగందుకున్నాడు.

"జైతూన్! సేరగానే కార్డు రాయించు! మర్సిపోకు!"

"రాయిత్తాను, పరిగెట్టకండి, పడతారు!"

ఇంటికొచ్చి తన తాళంచెవితో తన తలుపు తీసుకున్నాడు. ఒళ్ళు పులకరించింది. అలవాటుగా చీపురు తీసి, మళ్ళీ మూలన పెట్టేశాడు. అయిదో రోజుకి ముందుగది గచ్చు ఎర్రగా మారింది. అతనికి చేతులు దురదపెట్టాయి, ప్రాణం విసిగింది. అయిదు రోజులకే ఇలా ఉంటే, నెలేసి రోజులు ఆవిడ ఎలా ఆగిందో తలుచుకుంటే ఏడుపొచ్చింది.

తవిటయ్య గుమ్మంలోకొచ్చి ముక్కున వేలేసుకున్నాడు. "ఏటిది బావా? ఇల్లు ఊడ్సుకోడానికే కదా ఉండిపోనావు?"

"పోస్టుమేన్ని రానీ బావా!" అన్నాడు గఫూర్, సైకిలు బెల్లు వినపడితే చాలు సందు చివరికి పరిగెత్తుతూ.

ఎనిమిదో రోజున కార్డొచ్చింది. మహబూబున్నీసా చేతిరాత, జైతూన్ బీ మాటలు. 'మొక్కు తీరింది. ఇక్కడ సముద్రం మన సముద్రంలాగే ఉంది. ఇంకో నాలుగూళ్ళు చూసి వస్తాను. ఇల్లు ఊడ్చుకోండి.'

గఫూర్ కార్డు కళ్ళకద్దుకుని, లుంగీ ఎగ్గట్టి, చీపురు అందుకున్నాడు.