ఎత్తనియ్యని చెయ్యి

మా చిన్నమ్మ పోయింది. శుక్రవారం పొద్దుగాల, చాయ ఇంక పొయ్యి మీదనే ఉంది. "కేన్సర్ తిన్నది పాపం" అని వాడంత అంటుంది. అది సగమే నిజం. తక్కిన సగం చెప్పటానికే ఇది రాస్తున్న. చదివినంక నన్ను తిట్టేటోళ్లు తిట్టుండ్రి.

మా కాక దుబాయిల ఉంటడు. చిన్నమ్మ ఇక్కడ బీడీలు చేసేది. నేను పంచే ఎర్రజెండా కరపత్రాలను తునికాకు కట్టల కింద దాచిపెట్టింది కూడా ఆమెనే. "లోకాన్ని మారుస్తనంటవు, ముందుగాల గా అంగి మార్చురా, కంపు గొడుతుంది" అనేది.

నిరుడు రొమ్ముల గడ్డ లేస్తే హైదరాబాద్ దవఖానల కోసి తీసేసిండ్రు. కుట్లు మానినంక కరెంటు పెడతమన్నరు, అంటే రేడియేషన్. అక్కడి నర్సమ్మ ఆమెను గోడకాడ నిలవెట్టి, కోసిన దిక్కు చేతిని వేళ్లతోని మెల్లగ గోడ మీదికి పాకిచ్చుడు నేర్పింది. "రోజూ చెయ్యమ్మా. కరెంటు పెట్టేటప్పుడు చెయ్యి తల మీదికి పోవాలె. పోకుంటే మిషన్ కింద పండవెట్టరు" అని నా ముంగటనే చెప్పింది.

ఊరికొచ్చినంక చిన్నమ్మ తెల్లారంగనే గోడకాడ నిలవడేది. కండ్లల్ల నీళ్లు కారుతుంటనే నవ్వేది. "ఇయ్యాల కొండగట్టు గుట్ట సగం ఎక్కిన్రా, గుడిల అంజన్న ఇంక కనవడలే." జర ఆగమంటే వినేది కాదు. "నొప్పితోని దోస్తానా జెయ్యాలె గని, దానికి పీటేసి కూసోవెట్టద్దు."

గప్పుడు దిగిండు మా పెద్దబాపు, కాకకు పెద్దన్న, ఇంటికి పెద్ద. మా దిక్కు రోగిని చూడటానికి చుట్టాలు బన్నురొట్టెలు పట్టుకొని వస్తరు. వాళ్లొచ్చేసరికి రోగి మంచంల కప్పుకొని మూలుగుతుండాలె. లేకుంటే ఇంటోళ్ల ఇజ్జత్ పోతది.

"గోడలెక్కుడేంది పిల్లా? మొగడు దేశంల లేడు, బావ సుత అరుసుకుంటలేడు అనరా? పండుకో."

"డాక్టర్లే చెప్పిండ్రు బావా."

"డాక్టర్లొచ్చి నీకు గంజి కాస్తరా?"

నేను అడ్డం పోయిన. "గా ఎర్ర కాయిదాలు సదివి డాక్టర్‌వైనవారా?" అని చెంప మీద ఒక్కటిచ్చిండు. కుట్లు పిగులుతయని మెత్తటి పాత ధోతి చింపిచ్చి, పెద్దమ్మతోని ఆమె చేతిని ఎదకు కట్టిపిచ్చిండు. పూటపూటకు బర్రె పాలు పంపిండు. ప్రేమతోనే చేసిండు, గది ఒప్పుకుంట. గందుకే నా కడుపు ఇంకింత మండుతది. దొర కట్టేస్తే తెంపుకోవచ్చు. పాలు తాపుకుంట కట్టేసినోని మీదికి ఎట్ల లేవాలె? నేను చదివిన ఏ కాయిదంల గీ ముచ్చట రాసిలేదు.

చుట్టాలొచ్చిండ్రు, అయ్యో అన్నరు, పోయిండ్రు. చిన్నమ్మ నా చెవుల అన్నది: "సచ్చినట్టు పండుకుంటనే బతుకుతనటరా!"

కరెంటు పెట్టే తారీఖు వచ్చి కట్టు ఇప్పేసరికి భుజం కొయ్యబారింది. దవఖానల చెయ్యెత్తమన్నరు. చెవి దాక సుత రాలే. మిషన్ కాడి మనిషి తల అడ్డంగ ఊపి, "చెయ్యి సాపైనంక తీసుకరాండ్రి" అన్నడు. వాపసొచ్చి మళ్ల గోడ పట్టింది మా చిన్నమ్మ. కోసిన గడ్డ మళ్ల మొలిచింది. ఆమె చెయ్యి కంటే అదే జల్ది లేచింది.

పెద్దబాపూ, నీ పేరు రాస్తలేను. కానీ ప్రతి ఇంటి ముంగట నిలవడి ఈ ముచ్చట చదువుత. రొమ్ము కోపిచ్చుకొని వచ్చిన ప్రతి ఆడమనిషిని గోడకాడ నిలవెడత, నీ కండ్ల ముంగటనే. గిదే నీకు నేనేసే శిక్ష.

చిన్నమ్మ పోయిన మూడోనాడు వాగొడ్డుకు పిట్టకు పెట్టపోయినం. కాకి ముడితేనే పోయినోళ్ల మనసు చల్లవడ్డట్టు అంటరు. ఇస్తరాకుల అన్నం పెట్టి అందరం దూరం జరిగినం. కాకి వచ్చి తుమ్మకొమ్మ మీద కూసుంది గని దిగలే. పెద్దబాపు ముంగటికి పోయిండు. "నీ మొగన్ని పిలిపిస్త. మాసికం మంచిగ చేపిస్త. ముట్టు బిడ్డా!" అన్నీ అన్నడు, చేతికి కట్టిన కట్టు ముచ్చట ఒక్కటి తప్ప.

గివన్ని నేను నమ్మనోన్ని. అయినా ఆ కాకిని మనసుల బతిమిలాడిన: ముట్టకు చిన్నమ్మా, ముట్టకు.

ఎండ ముదిరింది. మెతుకులు ఎండవట్టినయి. కాకి మెడ వంచి చూస్తనే ఉంది. కింద పెద్దబాపు రెండు చేతులు తల మీదికెత్తి, మొక్కుకుంట నిలవడే ఉన్నడు.